వాసనకు మంచిచెడ్డలు ఎక్కడివి? ‘ఒస్మే’ అనే గ్రీకు మాట, మన తెలుగు అనువాదం

గ్రీకు నూతన నిబంధనలో ‘ఒస్మే’ అనే నామవాచకం ఆరుసార్లు వస్తుంది. యోహాను సువార్త పన్నెండవ అధ్యాయంలో ఒకసారి, కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక రెండవ అధ్యాయంలో మూడుసార్లు, ఎఫెసీయుల పత్రికలో ఒకసారి, ఫిలిప్పీయుల పత్రికలో ఒకసారి. దానికి సూటి అయిన తెలుగు ‘వాసన’. అది మంచిదా, చెడ్డదా అన్నది ఆ మాటలో లేదు. పక్కనున్న మాటలే ఆ సంగతి చెప్పాలి. ‘మంచి’ అనే అర్థం ముందే చేర్చుకొన్న మరో గ్రీకు మాట ‘యువోదియా’. ఇది మూడుసార్లే వస్తుంది. మన ‘సువాసన’ దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. గ్రీకులో ఈ రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. లాటిను ‘ఓదోర్’ కూడా వీటికి బంధువే.

ఈ జంటను తెలుగు పరిశుద్ధ గ్రంథం ఎలా తెచ్చుకొంది, ఎక్కడ గెలిచింది, ఎక్కడ సర్దుకొంది అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం. సంఘాలలో తరతరాలుగా చదువుతూ వస్తున్న గ్రాంథిక అనువాదాన్నే ఇందుకు ఆధారంగా తీసుకొంటున్నాం. ఇది మతచర్చ కాదు, అనువాద విమర్శ. అన్యమతస్థులైన విద్యార్థులు కూడా దీనిని ఒక పాత తెలుగు వచన గ్రంథం మీద చర్చగా చదువుకోవచ్చు.

ఆవడి, తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు విద్యార్థులకు ఈ విషయం ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండి, ఆ ఏడాది ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రంలో చేరింది. 2006 నాటి చట్టంతో తమిళనాడు పాఠశాలల్లో తమిళం అంచెలంచెలుగా తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అన్న స్థితి ఇక్కడి పిల్లలకు అలవాటైనదే. రెండు భాషలు కలగలిసిన చెవి లోపమని ఎందరో అంటారు. ఈ ఒక్క మాట విషయంలోనైనా అది లోపం కాదు, సాధనమని చూపడం మా ఉద్దేశం.

ఒకే మాట, రెండు ఊళ్లు

ముందుగా మన వాడుకను చూద్దాం. తెలుగింట్లో ‘ఈ పప్పు వాసన వస్తోంది’ అంటే అది పాడైందని అర్థం. మంచి వాసన అని చెప్పాలంటే ‘కమ్మని’ అనో, ‘ఘుమఘుమ’ అనో ఏదో ఒకటి చేర్చాలి. విశేషణం లేకుండా వాక్యంలో పెడితే వాసన నేడు చెడ్డవైపే ఒరుగుతుంది. అదే ఆవడి బజారులో పూలమ్మే తమిళుడు ‘వాసనై’ అంటే మల్లెపూలను మెచ్చుకొంటున్నట్టు. విశేషణం అక్కరలేదు. సంస్కృతం నుంచి వచ్చిన ఒకే మాట వీధిలో పూలచెండు పక్కన నిలబడింది, గడప దాటి ఇంట్లోకి వచ్చేసరికి పాచిన పప్పు పక్కన చేరింది.

దేశి పదాల గతి కూడా అంతే. తమిళంలో ‘నాఱ్ఱం’ అనే మాట ఒకప్పుడు వాసనకంతటికీ చెల్లింది. తిరుక్కుఱళ్ ఇరవై ఏడవ పద్యంలో పంచేంద్రియ విషయాలను చెప్పేటప్పుడు గంధానికి వాడిన మాట అదే. ఆండాళ్ తన నాచ్చియార్ తిరుమొళిలో శంఖాన్ని పలకరిస్తూ స్వామి పెదవుల పరిమళాన్ని గురించి అడిగినప్పుడు వాడిన క్రియ కూడా ఆ ధాతువుదే. నేడు వీధిలో ‘నాత్తం’ అంటే ముక్కు మూసుకోవలసిందే. మన ‘కంపు’ కథ కూడా వేరు కాదు. పూర్వం పరిమళానికీ చెల్లిన ఆ మాట ఇప్పుడు మురికికాలువ పాలైంది. మన భాషాశాస్త్ర పాఠ్యగ్రంథాలు అర్థగ్రామ్యతకు ఇచ్చే ఉదాహరణలలో కంపు తరచుగా కనిపిస్తుంది.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. వాసనను చెప్పే మాట తటస్థంగా ఎక్కువకాలం నిలవలేదు. ముక్కు వెంటనే తీర్పు చెబుతుంది. ఆ తీర్పు మాటకు అంటుకొంటుంది. అందుకే తర్కసంగ్రహంలో అన్నంభట్టు గంధాన్ని సురభి, అసురభి అని రెండుగా విభజించి చెప్పాడు. గంధమనే మాటకు పక్షం లేకపోతేనే ఆ విభాగం నిలుస్తుంది. శాస్త్రం ఆ మాటను అలా కాపాడుకోగలిగింది. వాడుక కాపాడుకోలేదు. వాడుకలో ‘గంధం’ అంటే చందనమే అయింది.

గ్రీకు ఒస్మే ఆ తటస్థతను కాపాడుకొన్న మాట. ఇక అనువాదకుని ఇబ్బంది ఊహించవచ్చు. తన భాషలో వాసన పదాలన్నీ ఏదో ఒక పక్షం వహించి ఉంటాయి. మూలంలోని మాటకేమో పక్షం లేదు.

బేతనియలో రెండు అధ్యాయాలు

యోహాను సువార్త పదకొండు, పన్నెండు అధ్యాయాలు రెండూ బేతనియ గ్రామానికి, ఒకే కుటుంబానికి సంబంధించినవి. మొదటిదానిలో లాజరు చనిపోయి నాలుగు రోజులవుతుంది. సమాధి రాయి తీయమన్నప్పుడు అతని సోదరి మార్త అడ్డు చెబుతుంది. అప్పుడామె వాడిన గ్రీకు క్రియ ‘ఒజేయ్’. ఒస్మే పుట్టిన ధాతువు నుంచే ఈ క్రియ కూడా పుట్టింది. స్వతహాగా దానికీ మంచిచెడ్డలు లేవు. సమాధి ముందు నిలబడి అన్నది కనుక దాని అర్థం తేలిపోయింది. తరువాతి అధ్యాయంలో మరో సోదరి మరియ జటామాంసి తైలాన్ని యేసు పాదాలకు పూస్తుంది. మూడు వందల దేనారములకు అమ్ముడయ్యేదని పక్కనున్నవాడు గొణిగేంత విలువైన తైలమది. ఇల్లంతా దాని ఒస్మేతో నిండిందని గ్రంథకర్త చెబుతాడు.

ఒక అధ్యాయంలో శవం, తరువాతి అధ్యాయంలో తైలం. రెంటికీ ఒకే కుదురు మాట. మూలం చదివేవారికి ఆ వరుస చెవిన పడుతుంది. పైగా ఆ తైలపూత కూడా రాబోయే భూస్థాపనకు సంబంధించినదేనని అక్కడే చెప్పబడింది. మరణం, పరిమళం ఒకే ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నాయి.

ఇక్కడ మన అనువాదకుడు చేసిన పని మెచ్చదగినది. మార్త మాటకు ‘వాసనకొట్టు’ అనే క్రియను తీసుకొన్నాడు. మరియ తైలానికి ‘అత్తరు వాసన’ అన్నాడు. మొదటిచోట ‘కంపు’ అనవచ్చు, రెండవచోట ‘పరిమళం’ అనవచ్చు. అన్నట్లయితే రెండు వాక్యాలూ విడివిడిగా మరింత స్ఫుటంగా ఉండేవి. కాని వాటి మధ్య దారం తెగిపోయేది. ‘వాసన’ను రెండుచోట్లా నిలిపి, చెడ్డను ‘కొట్టు’ అనే క్రియ మీదికి, మంచిని ‘అత్తరు’ అనే నామం మీదికి నెట్టాడు. మూలం చేసిన పనీ ఇదే.

విద్యార్థులు దీనిని తమిళ పాత అనువాదంతో పోల్చి చూడాలి. తమిళంలో మార్త మాటకు ‘నాఱు’ ధాతువును వాడారు. తైలానికి ‘పరిమళం’ వాడారు. ఇది అనువాదకుని తప్పు కాదు. ‘నాఱు’ అప్పటికే దుర్వాసన వైపు వెళ్లిపోయింది, ‘పరిమళం’ సువాసనకే చెల్లుతుంది. వేరు వేరు మాటలు వాడక తప్పలేదు. తెలుగు ‘వాసన’కు మాత్రం రెండువైపులా తిరిగే వీలు అప్పటికింకా మిగిలి ఉంది. రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి చదవగలిగినవారికే ఈ భేదం కనిపిస్తుంది. విజయవాడలోనో, వరంగల్లులోనో తెలుగు మాత్రమే చదివే విద్యార్థికి ‘వాసన’ ఇక్కడ ఏం చేసిందో చెబితే తప్ప తెలియదు. ఆవడి విద్యార్థికి చూడగానే తెలుస్తుంది.

‘సు’ అనే అక్షరం

అసలు పరీక్ష కొరింథీయుల రెండవ పత్రికలో ఉంది. రెండవ అధ్యాయం పద్నాలుగు నుంచి పదహారు వరకు గల వచనాలలో పౌలు ముందు ‘ఒస్మే’ అంటాడు, తరువాత ‘యువోదియా’ అంటాడు, మళ్లీ రెండుసార్లు ‘ఒస్మే’ అంటాడు. భావం క్లుప్తంగా ఇది. దేవుడు తమను ఊరేగిస్తూ క్రీస్తును ఎరిగిన ఎరుక తాలూకు వాసనను అన్నిచోట్లా ప్రకటం చేస్తున్నాడు. దేవుని దృష్టికి తాము క్రీస్తు పరిమళం. అదే వాసన నశించేవారికి మరణానికి దారితీసే వాసన, రక్షణ పొందేవారికి జీవానికి దారితీసే వాసన.

ఈ వాదమంతా ఒక్క విషయం మీద నిలబడింది. వాసన ఒకటే. మారేది పీల్చేవాడు.

ఊరేగింపు అన్న మాట ఊరకే వచ్చింది కాదు. గ్రీకు క్రియ రోమను సేనానుల విజయోత్సవాన్ని స్ఫురింపజేస్తుంది. ఆ ఉత్సవాలలో ధూపం వేసేవారు. గెలిచిన సైనికుడికి ఆ ధూపం ఇంటికి తిరిగి వచ్చిన వాసన. సంకెళ్లతో వెంట నడిచే బందీకి అది చావు వాసన. మరికొందరు పండితులు ఇక్కడ ఊరేగింపు కన్న హోమధూమాన్ని చూస్తారు. ‘ఒస్మే యువోదియాస్’ అనే జంటపదం గ్రీకు పాత నిబంధనలో బలుల సందర్భంలో పదే పదే వస్తుంది. ఎఫెసీయుల, ఫిలిప్పీయుల పత్రికలలోనూ ఆ జంటే ఉంది. మా దృష్టిలో ఈ రెండు వ్యాఖ్యానాలకూ వైరం లేదు. తిరుత్తణిలో ఆడికృత్తిక నాడు కావడులతో కొండెక్కే జనం మధ్య నిలబడినవారికి ఊరేగింపు ఎక్కడ ముగిసిందో, ఆరాధన ఎక్కడ మొదలైందో విడదీయడం సాధ్యం కాదు.

మన పాత అనువాదం ‘ఊరేగించు’ అనే మాటనే పట్టుకొంది. అది మంచి పట్టు. కాని పద్నాలుగవ వచనంలోని ఒస్మేకు ‘సువాసన’ అని వ్రాసింది. పదిహేనవ వచనంలోని యువోదియాకు కూడా ‘సువాసన’ అనే వ్రాసింది. పదహారులో మాత్రం రెండుసార్లూ ‘సు’ను వదలి ‘వాసన’ అన్నది. ఫలితంగా మూలంలో ఒకటి, మూడు, నాలుగు స్థానాలలో ఉన్న ఒకే మాట తెలుగులో విడిపోయింది. మొదటిచోట తీర్పు ముందే చెప్పేసినట్టయింది. ఇది సువాసన అని చాటిన తరువాత అది కొందరికి మరణపు వాసన ఎలా అయిందని పాఠకుడు తడుముకొంటాడు. మూలంలో ఆ తడుములాట లేదు. అక్కడ ముందు వాసన వచ్చింది, తరువాత అది ఎవరికి ఎలా తోచిందో వచ్చింది.

అయితే అనువాదకుని పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. ‘జ్ఞానపు వాసన’ అని ఊరకే వ్రాసి ఉంటే తెలుగువాడు ఎలా అర్థం చేసుకొనేవాడు? ‘వాడికి చదువు వాసన లేదు’ అంటాం. అక్కడ వాసన అంటే లేశమాత్రం. జ్ఞానపు వాసన అంటే అరకొర జ్ఞానమనే అర్థం తగిలే ప్రమాదముంది. మరొక ప్రమాదం ఇంకా లోతైనది. పూర్వజన్మ వాసన అన్నప్పుడు ఆ మాట సంస్కారాన్ని, చిత్తంలో మిగిలిన జాడను చెబుతుంది. ఇంగువ కట్టిన గుడ్డ వంటిది ఆ వాసన. వస్తువు పోయినా తాను పోదు. గ్రీకు ఒస్మేకు ఈ అర్థం లేదు. ‘సు’ అనే ఒక్క అక్షరం ఈ రెండు ప్రమాదాలనూ తప్పించింది. కనుక పద్నాలుగవ వచనంలోని ‘సు’ అజాగ్రత్త వల్ల వచ్చిందని మేము అనుకోవడం లేదు. దానికి చెల్లించిన మూల్యం మాత్రం ఉంది.

ఆ మూల్యం తప్పించే దారి లేకపోలేదు. పద్నాలుగులో ‘వాసన’నే ఉంచి, క్రియను ‘వ్యాపింపజేయు’ అని మార్చితే లేశమాత్రమనే అర్థం తొలగుతుంది. వ్యాపించేది లేశం కాదు కదా. పదిహేనులో యువోదియాకు ‘పరిమళం’ అనో, ‘సువాసన’ అనో వ్రాయవచ్చు. అప్పుడు పదహారులో వచ్చే ‘వాసన’ పద్నాలుగులోని వాసనకు తిరిగి ముడిపడుతుంది. అయితే పాత అనువాదంలోని ‘కనుపరచు’ను వదులుకోవలసి వస్తుంది. అదొక చిన్న నష్టమే. మూలంలోని క్రియకు కూడా కంటికి కనబడజేయడమనే అర్థమే ఉంది. తెలుగువాడు వాసనను ‘చూస్తాడు’ కనుక ఆ ప్రయోగం మనకు ఎబ్బెట్టుగా లేదు.

పదహారవ వచనంలో పాఠభేదం ఒకటి ఉంది. ప్రాచీనమైన వ్రాతప్రతులలో ‘నుండి’ అనే అర్థమిచ్చే ‘ఎక్’ అనే మాట ఉంది. మరణం నుండి మరణానికి, జీవం నుండి జీవానికి అని అప్పుడు అర్థం. ఆ మాట లేని ప్రతులను అనుసరిస్తే ‘మరణపు వాసన’ అనే షష్ఠి వస్తుంది. మన అనువాదంలోని మాట రెండవ పాఠానికి దగ్గరగా ఉంది. నేడు పండితులు ఎక్కువగా మొదటి పాఠాన్నే అంగీకరిస్తారు. అయినా ‘వాసన’ అనే మాటకు ఇరుపాఠాలలోనూ మార్పు లేదు. మా వాదానికి అది చాలు.

వదలిపోయిన ఒక వాసన

పాత నిబంధన హెబ్రీ మూలం నుంచి గ్రీకులోకి క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో రావడం మొదలైంది. అక్కడి ఒస్మే ప్రయోగాలలో ఒకటి మనకు ఉపయోగపడుతుంది. నిర్గమకాండం అయిదవ అధ్యాయం చివర ఇశ్రాయేలీయుల పెద్దలు మోషే అహరోనులను నిందిస్తారు. మీరు వచ్చి ఫరో కళ్లలో మా వాసనను చెడగొట్టారని హెబ్రీలో ఉంది. కళ్లలో వాసన అన్నది అసలు హెబ్రీ నుడికారమే. గ్రీకు ఒస్మేను నిలిపింది. మన తెలుగు మాత్రం వాసనను వదలి, అసహ్యమనే భావాన్ని మాత్రం ఇచ్చింది.

ఇది నష్టమే. ‘పరువు గబ్బు పట్టించారు’ అని తెలుగువారు రోజూ అనుకొనే మాట. పరువుకు వాసన ఉందని మన నుడికారం ఒప్పుకొంటుంది. హెబ్రీ కూలివారి కోపం తెలుగు కూలివారి నోట సహజంగా పలికేది. గ్రంథ గౌరవానికి భంగమని అనువాదకుడు జంకి ఉంటాడు. బేతనియలో ‘వాసనకొట్టు’ అని ధైర్యంగా అనిపించిన కలం ఇక్కడ వెనక్కు తగ్గింది.

దీనికి ఎదురుగా ఆదికాండం ఎనిమిదవ అధ్యాయాన్ని చూడాలి. జలప్రళయం తరువాత నోవహు అర్పించిన బలి వాసనకు హెబ్రీలో ఉన్న విశేషణం ‘నీహోవహ్’. అది శాంతి, విశ్రాంతి అనే అర్థాలున్న ధాతువు నుంచి వచ్చింది. నోవహు పేరులోనూ ఆ ధ్వనే ఉంది. గ్రీకు అనువాదకులు ‘యువోదియా’ అనడంతో విశ్రాంతి పోయి మంచితనం మిగిలింది. తెలుగులో ‘సువాసన’కు ముందు ‘ఇంపయిన’ అనే మాట చేర్చారు. మనసుకు నచ్చడం, ఊరడించడం అనే ఛాయ అందులో కొంత తిరిగి వచ్చింది. ఇక్కడ తెలుగు గ్రీకు కన్న హెబ్రీకి దగ్గరయింది.

మద్రాసు ముంగిట పుట్టిన పాఠం

ఈ అనువాద చరిత్రలో తమిళదేశానికి ఉన్న పాత్రను కూడా ఇక్కడి విద్యార్థులు తెలుసుకోవాలి. తెలుగులోకి బైబిలును మొదట తెచ్చినవాడు బెంజమిన్ షుల్జ్. తమిళంలో జీగన్‌బాల్గ్ వదలివెళ్లిన పాత నిబంధనను పూర్తిచేసింది ఆయనే. 1720ల చివర మద్రాసు చేరి తెలుగు పని సాగించాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. తరువాత విశాఖపట్నంలో దెగ్రాంజ్ తదితరులు, వారికి తోడ్పడిన ఆనందరాయరు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ప్రిచెట్ నూతన నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. సంపూర్ణ గ్రంథం 1854లో వచ్చింది. దానికీ అచ్చుకూటం మద్రాసే. తెలుగు బైబిలు మాటలు తమిళం వినిపించే వీధుల పక్కనే అచ్చుకెక్కాయి. ఆవడి అక్కడికి రైలు ప్రయాణమంత దూరం.

గ్రీకు మొదలుపెట్టే విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఫిలిప్పీయుల పత్రిక నాలుగవ అధ్యాయంలో వచ్చే ‘యువొదియ’ అనే స్త్రీ పేరును సువాసనగా వ్యాఖ్యానించే బోధకులున్నారు. ఆ పేరులో ‘ఒ’ హ్రస్వం. దానికి మంచి దారి, మంచి ప్రయాణం అని అర్థం. సువాసనలో ‘ఓ’ దీర్ఘం. ఇంగ్లీషు లిపిలో చదివేవారు ఇక్కడ పొరబడటం సులభం. హ్రస్వ దీర్ఘాలకు వేర్వేరు అక్షరాలున్న మన లిపిలో వ్రాసుకొంటే ఆ చిక్కే ఉండదు.

చివరి మాట

నేడు కొత్త అనువాదాలు చేసేవారికి పాత ‘వాసన’ చిన్నచూపుగా కనిపించవచ్చు. విశేషణం లేని వాసన చెడ్డదే అన్న వాడుక బలపడుతోంది. ‘జీవపు వాసన’ను ‘జీవ పరిమళం’గా, ‘మరణపు వాసన’ను ‘మరణ దుర్గంధం’గా దిద్దాలనిపించడం సహజం. చదవడానికి అది చక్కగా ఉంటుంది. పౌలు వాదం మాత్రం అక్కడితో చచ్చిపోతుంది. రెండు మాటలయితే రెండు వాసనలవుతాయి. ఒకే వాసన ఇద్దరికి రెండుగా తోచిందన్న ఆశ్చర్యం మిగలదు.

ఆ ఆశ్చర్యం మనకు కొత్త కాదు. ఆముక్తమాల్యద కథలో గోదాదేవి ముడిచిన దండ విష్ణుచిత్తునికి అపచారంగా తోచింది, స్వామికి అదే ఇష్టమైంది. దండ మారలేదు. దేవుడి పటం ముందు వెలిగించే అగరువత్తీ, శవం తలాపున వెలిగించే అగరువత్తీ ఒకే పొట్లంలోవి. ఆ పొగ పీల్చి ఒకరు కళ్లు మూసుకొంటారు, మరొకరు గది విడిచి వెళ్లిపోతారు. ఒస్మేకు సరైన వ్యాఖ్యానం అదే.

కాబట్టి మా అభిప్రాయం ఇది. పదహారవ వచనంలోని ‘వాసన’ను ఎవరూ దిద్దనక్కరలేదు. దిద్దవలసింది ఏదైనా ఉంటే అది పద్నాలుగులోని ‘సు’. ఇక ఆవడి, తిరుత్తణి విద్యార్థులకు చెప్పేది ఒక్కటే. ‘వాసన’ అన్న మాట విని ఇంట్లో ఒకలా, వీధిలో ఒకలా స్పందించే మీ చెవిని సరిచేసుకోవలసిన పని లేదు. రెండు అనువాదాలనూ పక్కపక్కన పెట్టుకొని, ఈ ఆరు ప్రయోగాలనూ మీరే ఒకసారి పరీక్షించి చూడండి. తెలుగు ఒక్కటే తెలిసినవారి కన్న మీకే అవి ముందుగా తెరుచుకొంటాయని మా నమ్మకం.